మేనరికమా అని ఎవరూ అడగలేదు

నా పెళ్లి, మా తమ్ముడి పెళ్లి ఒకే పందిట్లో జరిగాయి. నన్ను మా మేనమామ కొడుక్కి ఇచ్చారు. ఆ మేనమామ కూతుర్ని మా తమ్ముడికి చేసుకున్నారు. మా దగ్గర దీన్ని కుండమార్పిడి అంటారు. రెండు ఇళ్లూ సిద్దిపేటలోనే, మధ్యలో మూడు గల్లీలు. పుట్టింటికి పోవాలంటే బస్సు అక్కర్లేదు, కబురు అక్కర్లేదు, బిడ్డలిద్దరూ కళ్ల ముందే ఉంటారని మా అమ్మ ఎంత సంబరపడిందో. ఆ దగ్గరితనమే ఒకరోజు నాకు ఊపిరాడనివ్వదని అప్పుడెవరికి తెలుసు?

నేను అంగన్‌వాడీ టీచర్ని. నా భర్తకు కరీంనగర్ రోడ్డులో మోటారు వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్తగా రాగి తీగ చుడతాడు. చిన్నప్పటినుంచి బావా అనే పిలిచాను, పెళ్లయ్యాకా అదే పిలుపు. మాకు ఐదేళ్లు పిల్లలు కాలేదు. మా తమ్ముడికి రెండో ఏడే ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల నాలుగేళ్లు నిండకముందే నా సెంటర్‌కు వచ్చి, నా చేత్తోనే గుడ్డు తినేది.

"ఒక్క ఇంటి పిల్లలే గద. నా బిడ్డకైంది, నీకెందుకు అయితలేదు?" అని మా అత్త బియ్యం ఏరుతూ అనేది. తిట్టినట్టు కాదు, నిజంగానే అర్థంకానట్టు. నాకూ అర్థమయ్యేది కాదు.

చివరికి మెదక్ రోడ్డులో మెడికల్ షాపు పైన ఉన్న సంతాన కేంద్రానికి వెళ్లాం. అక్కడ కౌంటర్‌లో అమ్మాయి ఒక ఫారం నింపింది. వయసెంత, పెళ్లయి ఎన్నేళ్లు, నెలసరి సరిగ్గా వస్తుందా అని అడిగింది. ఫారం ఇంగ్లిష్‌లో ఉంది. కొన్ని గళ్లలో అడగకుండానే టిక్కులు పెట్టుకుంటూ పోయింది. నేను సంతకం చేశాను.

రెండేళ్లలో ఎన్ని సూదులో. ఆఖరికి హైదరాబాద్‌లో వాళ్ల పెద్ద కేంద్రానికి తీసుకెళ్లి నా అండాలు తీశారు. మూడు పిండాలు తయారయ్యాయనీ, వాటిని గడ్డకట్టించి భద్రంగా దాచామనీ చెప్పారు. నా ఒంటికి కాస్త విశ్రాంతి ఇచ్చి లోపల పెడతామన్నారు. ఆ నెలలు మేము బాగా బతికాం. షాపులో ఎవరైనా పిల్లల సంగతి అడిగితే మా బావ ఇంటికొచ్చి నా చెవిలో, "మనోళ్లు ముగ్గురు హైదరాబాద్‌ల ఉన్నరని చెప్పనీకి నోటిదాంక వచ్చింది" అని నవ్వేవాడు.

పిండం పెట్టడానికి ముందు పరీక్షకు వెళ్లిన రోజు, మమ్మల్నెప్పుడూ చూసే డాక్టరమ్మ రాలేదు. ఆమె బదులు కొత్తామె వచ్చింది. ఆమె నా ఫైలు మొదటినుంచి తిప్పింది. అంతవరకు ఎవరూ అలా తిప్పగా నేను చూడలేదు.

"మీకు రక్తం తక్కువని ఎప్పటినుంచి చెప్తున్నారు?"

"చిన్నప్పటిసంది మేడం. ఐరన్ గోలీలు మింగుతనే ఉన్న."

"మింగితే పెరిగిందా?"

"ఎన్నడు పెరగలే."

నెలనెలా గర్భిణులకు ఐరన్ గోలీలు పంచేదాన్ని నేనే. వాళ్లకు పెరుగుతుంది, నాకెందుకు పెరగదని ఏనాడూ అనుకోలేదు. నా ఒళ్లే అంత అనుకున్నాను.

ఆమె తలెత్తింది. "మేనరికమా?"

"అవ్ మేడం. సొంత మేనమామ కొడుకే."

ఆమె మళ్లీ మొదటి కాగితానికి వెళ్లి ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇక్కడ కాదని టిక్ ఉంది."

"నన్ను ఎవ్వరు అడగలే మేడం."

ఆమె పెన్ను తీసింది. మా ఇద్దరికీ వేరే రక్తపరీక్ష రాసింది. నాలుగు రోజులకు రిపోర్టు ఫోన్‌కు వచ్చింది. కేంద్రం నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మీరిద్దరూ తలసేమియా క్యారియర్లు మేడం. కౌన్సెలింగ్ తీసుకున్నాకే ముందుకు పోదామన్నారు" అని చెప్పాడు.

"గా కౌన్సెలింగ్ ఏడ ఇస్తరు?"

"సిద్దిపేటలో ఎవరూ లేరు మేడం. హైదరాబాద్ పోవాలి."

షాపుకు వెళ్లి మా బావకు చెప్పాను. అతను తీగ చుట్టడం ఆపలేదు. "క్యారియర్ అంటె అన్నం గిన్నె గదనే" అన్నాడు. నవ్వుదామని చూశాడు గానీ నవ్వు రాలేదు.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో గురువారాలే చూస్తారట. పదిహేను రోజుల తర్వాత గురువారం దొరికింది. ఈలోపు నేను ఫోన్‌లో కనిపించిందల్లా చదివాను. చదివిన ప్రతిసారీ ఒక పసిపిల్ల చేతికి రక్తం ఎక్కిస్తున్న బొమ్మ వచ్చేది. ఆ ముఖానికి బదులు నాకు సెంటర్‌లో పిల్లల ముఖాలు కనిపించేవి.

కౌన్సెలర్ నడివయసు మనిషి. గది చిన్నది, ఫ్యాన్ చప్పుడు చేస్తోంది. ఆమె ఒక తెల్ల కాగితం మీద గుండ్రాలు, చదరాలు గీసింది. గుండ్రం ఆడవాళ్లకు, చదరం మగవాళ్లకు. మా అమ్మ, మామ, మా బావ, నేను, తమ్ముడు, మరదలు, అందరం ఆ కాగితం మీదికి వచ్చాం.

"మీ ఇద్దరికీ జబ్బు లేదమ్మా. మీరు ఎప్పటికీ బాగానే ఉంటారు. రక్తం తయారుచేసే జన్యువు ప్రతి మనిషికీ రెండుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీ ఇద్దరిలో ఒకటి బాగుంది, ఒకటి పాడైంది, క్యారియర్ అంటే అదే. బిడ్డకు మీ ఇద్దరి నుంచీ పాడైనదే వస్తే ఆ బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కించాలి. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అలా జరగొచ్చు."

"మా ముగ్గురు..." అని మా బావ ఆగిపోయాడు. "గా దాచిపెట్టిన పిండాలు?"

"వాటినీ పరీక్ష చేయొచ్చు. కానీ గడ్డకట్టిన వాటిని కరిగించి, కొన్ని కణాలు తీసి, మళ్లీ గడ్డకట్టించాలి. అన్నీ తట్టుకుంటాయని చెప్పలేం." తర్వాత ఆమె నన్ను అడిగింది, "మీ అమ్మవాళ్ల ఇంట్లో చిన్నప్పుడే చనిపోయిన పిల్లలున్నారా?"

నాకు తెలియదు. అక్కడినుంచే మా అమ్మకు ఫోన్ చేశాను.

"నా ఎనుక ఒక తమ్ముడుండె బిడ్డా" అంది అమ్మ. "నాలుగేండ్లు బతికిండు. ఎప్పుడు తెల్లగ పాలిపోయి, కడుపు ఉబ్బి ఉండె. పసరు పోసిన్రు, దిష్టి తీసిన్రు. ఇప్పుడెందుకు అడుగుతున్నవ్?"

ఊరికే అడిగానని చెప్పి పెట్టేశాను. కౌన్సెలర్ మా అమ్మ గుండ్రం పక్కన ఒక చదరం గీసి, దాన్ని పూర్తిగా నల్లగా నింపింది. ఆ తర్వాత పెన్ను మా తమ్ముడి చదరం దగ్గరికి వచ్చింది.

"వీళ్లకు పిల్లలున్నారా?"

"ఒక బిడ్డ. మంచిగున్నది. మా మరదలు ఇప్పుడు మల్ల నీళ్లోసుకున్నది."

"ఎన్నో వారం?"

"తొమ్మిది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "వాళ్లిద్దరి రక్తం వెంటనే చూడాలమ్మా. ఇద్దరూ క్యారియర్లయితే పదకొండో వారం నుంచి బిడ్డకు పరీక్ష చేయొచ్చు. ఎంత ఆలస్యమైతే అంత కష్టం. చెప్పడం మీ చేతుల్లోనే ఉంది. వాళ్లు ఇష్టపడితే నా దగ్గరికి తీసుకురండి."

బయట వరండాలో మా బావ నన్ను ఒక పక్కకు తీసుకెళ్లాడు. "తమ్మునికి చెప్పొద్దు" అన్నాడు.

"ఎందుకు బావా?"

"ఎందుకేంది? మా చెల్లె మీ ఇంట్ల ఉన్నది. దాని నెత్తురు మంచిది గాదంటె మీవోళ్లు ఊకుంటరా? రేపు మీ తమ్ముడు దాన్ని ఒక మాటంటె, మా అమ్మ నిన్ను రెండు మాటలంటది. రెండిండ్లు ఆగమైతయ్."

"ఇది రోగం గాదని మేడం చెప్పింది గద."

"నీకు చెప్పింది, నాకు చెప్పింది. మా అమ్మకు ఎవరు చెప్తరు? సిద్దిపేటల ఎవరున్నరు చెప్పెటోళ్లు?"

చెప్పనని మాటిచ్చాను.

ఆ మాట తొమ్మిది రోజులు మోశాను. మా మరదలు రోజూ కూతుర్ని దింపడానికి సెంటర్‌కు వచ్చేది. వేవిళ్లతో ముఖం వాడిపోయి, కాసేపు నా పక్కన కూర్చునేది. "వదినా, నువ్వు చేసిన పుంటికూర తొక్కు ఒక్కటే పోతున్నది నోట్లెకు" అనేది. మర్నాడు ఆ గోంగూర పచ్చడి డబ్బాలో తెచ్చి ఇచ్చేదాన్ని. ఆమె వేలితో నాకుతుంటే నేను వారాలు లెక్కపెట్టేదాన్ని. చెబితే భర్తకిచ్చిన మాట పోతుంది, రెండు కాపురాలు కదులుతాయి. చెప్పకపోతే ఆ కడుపులో ఏముందో దేవుడికే తెలియాలి. గర్భిణుల రిజిస్టర్ తెరిచినప్పుడల్లా అక్షరాలు అలుక్కుపోయేవి.

పదో వారం దాటుతుండగా ఒకరోజు ఆమే అంది, "నాకు గూడ రక్తం తక్కువున్నదన్నరు వదినా. ఐరన్ గోలీలు రాసిచ్చిన్రు."

దారి దొరికిందనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. "ల్యాబ్‌ల ఒకసారి మంచిగ చూపిద్దాం పా" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. ఆమె వెంటనే చున్నీ సర్దుకుని నా వెంట వచ్చింది. సూది గుచ్చేటప్పుడు చూడలేక ముఖం తిప్పుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏ పరీక్ష అని ల్యాబ్ అతను అడిగితే, ఆమెకు వినపడకుండా, పరీక్ష పేరు రాసి పెట్టుకున్న చీటీ చేతికిచ్చాను.

మూడో రోజు రిపోర్టు నా ఫోన్‌కు వచ్చింది. అచ్చం నా రిపోర్టులాగే ఉంది.

ఇరుక్కున్నాననుకున్నది అంతకుముందు కాదు, ఆ రోజు. ఆమె నెత్తురు సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు. నా భర్తకు తెలియకుండా, ఆమెను అడగకుండా దొంగతనంగా తెలుసుకున్నాను. ఇక దాచే వీలు లేదు.

పిల్లలందరూ వెళ్లిపోయాక, మధ్యాహ్నం సెంటర్‌లో ఆమెను కూర్చోబెట్టి అంతా చెప్పాను. మా ఇద్దరి రిపోర్టు, చనిపోయిన ఆ నాలుగేళ్ల పిల్లవాడు, కౌన్సెలర్ మాటలు, చివరికి ఆమె రిపోర్టు. ఆమె చాపలు చుడుతూ విన్నది. చాప చేతిలోనే ఉండిపోయింది.

"నా రక్తం నన్నడగకుండ తీయించినవా?"

"అడిగితె రావేమోనని..."

"వస్తుంటిని వదినా. నువ్వు పిలిస్తె నేను ఎన్నడు రాలేదు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. చాప గోడకు ఆనించి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మా తమ్ముడు ఇంటికి వచ్చాడు. పాత బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్ షాపు వాడిది, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేవాడు. చెప్పులు విడవకుండానే గడపలో నిలబడ్డాడు.

"మాకు బిడ్డ ఉన్నది, మంచిగ ఉరుకుతున్నది. నాకేం రోగం లేదు, నేను రక్తమియ్య. నీ కడుపు పండలేదని మా కడుపు మీద పడ్డవా అక్కా?"

మా అత్త వంటింట్లోంచి బయటికి వచ్చింది. మామ మంచం మీదినుంచి లేచాడు. మా బావ నా వైపు చూశాడు. మాట తప్పావు కదా అన్న చూపు అది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ ఇంట్లో వెనక్కి జరగడానికి జాగా లేదు.

మర్నాడు పొద్దున్నే మా మరదలు బట్టల సంచితో, కూతురితో దిగింది. ఆమె పుట్టిల్లంటే నా అత్తిల్లే. "ఆయన రక్తమియ్యనిది నేను పోను" అని ఒక్క మాట చెప్పి లోపలి గదిలోకి వెళ్లింది.

ఆరు రోజులు మేమంతా ఒకే కప్పు కింద ఉన్నాం. అత్త నాతో మాట్లాడదు. మా బావ అన్నం తిని షాపుకు పోతాడు, వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మరదలు నేను వండింది తింటుంది గానీ నా ముఖం చూడదు. అవతల మా అమ్మ ఫోన్ చేసి, "నా కొడుకు కాపురం మీద కొట్టినవ్ గదే" అని ఏడుస్తుంది. పుట్టింటికి పోదామంటే అక్కడ తమ్ముడున్నాడు. అన్ని తలుపులూ ఆ మూడు గల్లీల్లోనే ఉన్నాయి, అన్నీ మూసుకున్నాయి. ఒక్క ఆ చిన్నపిల్ల మాత్రం అందరి దగ్గరికీ తిరిగేది.

ఆ మధ్యలోనే మా తమ్ముడు ఎవరికీ చెప్పకుండా వెళ్లి రక్తమిచ్చాడు. ఏడో రోజు రిపోర్టు వాడు తన భార్యకు పంపాడు. ఆమె దాన్ని చదవలేక, ఆరు రోజుల తర్వాత మొదటిసారి నా దగ్గరికి వచ్చి ఫోన్ చేతికిచ్చింది. వాడు క్యారియర్ కాదు. వాళ్ల బిడ్డకు ఆ జబ్బు వచ్చే భయం లేదు.

ఆమె నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కానీ నిజం చెప్పాలి. ఆ రిపోర్టు చూసిన క్షణం నాలో మొదట వచ్చింది సంతోషం కాదు. ఒక్క కడుపున పుట్టాం కదా, వాడికి మంచిది వచ్చి నాకే ఎందుకు ఇది వచ్చిందన్న మంట. క్షణంలో పోయింది. అయినా వచ్చింది.

"ఏం లేకపాయె. ఉత్తగ ఇల్లంత పరేషాన్ జేసినవ్" అంది మా అత్త. ఉండి ఉంటే ఏమయ్యేదని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

పిండాలను పరీక్ష చేయాలంటే మా ఇద్దరి రక్తంతో పాటు మామ రక్తం, మా అమ్మ రక్తం కూడా కావాలన్నారు. అడగడానికి భయపడ్డాను. మా అమ్మ వచ్చింది, మాట్లాడకుండా చెయ్యి చాపింది. మామ మాత్రం సూది తీశాక దూది అదుముకుంటూ చాలాసేపు కూర్చున్నాడు.

"వాడు గూడ గిట్లనేనా?" అని అడిగాడు. ఎవరి సంగతో నాకు అర్థమైంది, ఆ నాలుగేళ్ల తమ్ముడు. "అవ్ మామా, గిట్లనే" అన్నాను.

"నేనే భుజం మీద ఎత్తుకొని తిప్పెటోన్ని. పొలంల పని జెయ్యమంటె తప్పించుకొని వాన్ని ఎత్తుకొని పోయిన. గందుకే వానికి గాలి సోకిందని మా నాయిన నన్ను కొట్టిండు. ఇన్నేండ్లు నేనే సంపుకున్న అనుకున్న." మామ కళ్లు తుడుచుకోలేదు. దూది కింద పడితే వంగి తీసి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మ వచ్చి అన్న పక్కన కూర్చుంది. అంతవరకు వాళ్లిద్దరూ ఆ పిల్లవాడి గురించి మాట్లాడుకోగా నేను వినలేదు.

మూడు పిండాల్లో ఒకటి కరిగించినప్పుడే పోయింది. ఒకదానికి జబ్బు ఉందన్నారు. మూడోది మాలాగే క్యారియర్. దాన్ని పెట్టారు. పన్నెండు రోజులు నేను గట్టిగా తుమ్మలేదు కూడా. నిలవలేదు. ఫోన్‌లో విన్నాక మా బావ షాపు షట్టర్ సగం దించి లోపలే కూర్చున్నాడని పక్క షాపాయన చెప్పాడు. వెళ్లి నేనూ ఆ సగం షట్టర్ కింద నుంచి లోపలికి దూరి అతని పక్కన కూర్చున్నాను. ముగ్గురు అనే మాట ఆ తర్వాత మా ఇద్దరి నోటా రాలేదు.

మా మరదలికి కొడుకు పుట్టాడు. మూడో నెలలో తనే తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీ మీద కోపం పోలేదు వదినా. గని నువ్వు చెప్పకపోతె ఇంకా కోపముంటుండె" అంది. తమ్ముడు మాత్రం దారిలో కనబడినా ఈ రోజుకీ తల తిప్పుకుని పోతాడు.

మొన్నామధ్య బెజ్జంకిలో మా బావకు వరసకు చిన్నాన్న అయ్యే ఆయన కూతురి సంబంధం మాట్లాడ్డానికి వెళ్లాం. అదీ మేనరికమే. తాంబూలాలు రేపా ఎల్లుండా అన్న దగ్గర మాట నడుస్తోంది. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మా బావ లేచి నిలబడ్డాడు.

"ముందుగాల ఇద్దరి రక్తం చూపియ్యున్రి" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. "ఏంది రా, పిల్లకు ఏమన్న ఉన్నదా?" అని పెద్దమనిషి ఒకాయన కసిరాడు.

"పిల్లకు ఏం లేదు. మాకున్నది. మా ఇద్దరికి ఉన్నది, మా నాయినకున్నది. పరీక్ష ఒక్క రోజు పని. తెలిసినంక చేసుకుంటరో మానుకుంటరో మీ ఇష్టం." కౌన్సెలర్ గీసిన గుండ్రాలు, చదరాలు అతను వేలితో చాప మీద గీసి చూపించాడు. కొంచెం తప్పుగా గీశాడు. నేను సరిచేశాను.

ఆ రోజు తాంబూలాలు మార్చుకోలేదు. పిల్ల తల్లి మాకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా లోపలికి వెళ్లిపోయింది. తర్వాత పరీక్ష చేయించారో లేదో మాకు చెప్పలేదు, ఏ శుభకార్యానికీ పిలవలేదు. బండి మీద తిరిగి బయల్దేరాం. శనిగరం దాటాక అతను, "మల్లొకసారి హైదరాబాద్ పోదామా?" అన్నాడు.

మళ్లీ అంటే మళ్లీ సూదులు, మళ్లీ అండాలు, మళ్లీ పరీక్ష, మళ్లీ ఆ పన్నెండు రోజులు. వద్దంటే ఇదే ఇల్లు, ఇదే గల్లీ, అత్త మౌనం. ఏది చెప్పినా నా నోటితో నేనే చెప్పాలి. "నాకింకా తెల్వది బావా" అన్నాను. అతను బండి వేగం తగ్గించాడు. "సరే తియ్" అన్నాడు, విసుగు లేకుండా.